జెర్రిపోతు ఎండకొచ్చిన రోజు

తల మీద హెల్మెట్ ఉంటే లోపల బుర్ర కూడా ఉన్నట్టే అని నమ్మిన రోజులవి. పటాన్‌చెరు దగ్గర ఒక పైపుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ట్రైనీగా చేరి ఆర్నెల్లు కావస్తోంది. పర్మినెంట్ చేస్తారా, ఇంటికి పంపుతారా అన్నది ఇంకో వారంలో తేలుతుంది. అమ్మ అప్పటికే కర్దనూరు చుట్టాలందరికీ "మావోడు ఆఫీసరయిండు" అని చెప్పేసింది. (అక్క మాత్రం "ఏం ఆఫీసరో, బొద్దింకను సూస్తే మంచమెక్కుతడు" అనేది. ఇంటి గుట్టు ఎందుకు లెండి.)

శివరాత్రి వెళ్లి ఎండ చురుక్కుమంటున్న ఒక పొద్దున స్టోరు తనిఖీకి వెళ్లాను. స్టోర్‌కీపర్ చాచా చాయ్ తాగుతున్నాడు. "హెల్మెట్ ఏది చాచా?" అని గద్దించాను. "పెట్టుకుంట బేటా, జెర చాయ్ కానీయ్" అన్నాడు. అంతలో పైపుల కట్టలోంచి ఒక తల బయటికొచ్చింది. దాని వెనక ఒక మీటరు, ఆ వెనక ఇంకో మీటరు. నేను చేసినవి రెండే పనులు: సైరన్ నొక్కాను, ర్యాకు ఎక్కాను. (ముందు ఎక్కే ఉంటాననుకుందామంటే పైనుంచి బటన్ అందదు.)

సైరన్ మోగితే అందరూ పని ఆపి గేటు దగ్గర వరుసగా నిలబడాలి, సేఫ్టీవాడు పేర్లు పిలవాలి. ఆ రూలు కాగితం గోడకు అంటించింది నేనే. షిఫ్టు మొత్తం బుద్ధిగా నిలబడింది, పిలిచేవాడే లేడు. చివరికి ఫ్యాక్టరీ మేనేజర్ పెద్దసారే రిజిస్టరు పట్టుకుని పిలిస్తే రెండు పేర్లు మిగిలాయట: చాచాది, నాది.

ఇక్కడ నేను "కర్ర! కర్ర!" అని అరుస్తున్నాను. చాచా గ్లాసు కూడా దించలేదు. "కర్రెందుకు బేటా? జెర్రిపోతు, ఇసం లేదు గిసం లేదు. చలికాలమంతా పైపులల్ల పండి ఇప్పుడే లేసింది, ఎండకు పోతున్నది పాపం. ఏటా గిప్పుడే వస్తది. నువ్వే కొత్తోనివి" అన్నాడు. అది ఆయన చెప్పుల పక్కనుంచే తీరిగ్గా బయటికి పోయింది.

సరిగ్గా అప్పుడే పెద్దసారు వచ్చాడు. నేను పైన, నా హెల్మెట్ కింద. "నువ్వక్కడ ఏం జేస్తున్నవయ్యా?" అన్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. చాచానే అందుకున్నాడు: "పాము యాడికి పోతదో సూస్తనని ఎక్కిండు సాబ్. వద్దన్నా ఇనలే. హిమ్మత్ ఉన్న పోరడు, భయమే లేదు." వారం తిరగకుండా పర్మినెంట్ లెటర్ చేతికొచ్చింది.

ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో సేఫ్టీ మేనేజర్‌ని. ఏటా కొత్త ట్రైనీలకు ఈ కథ చాచా చెప్పినట్టే చెప్పేవాణ్ణి, సిగ్గు లేకుండా. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను కూడా. ఈసారి రిటైరైన చాచానే పిలిపించాను. ఆయనా అదే అబద్ధం, అదే హిమ్మత్, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు. ఒక ట్రైనీ అమ్మాయి "మీకు భయం కాలేదా సార్?" అంది. చాచా నా ముఖం చూశాడు.

"నిచ్చెన తెచ్చి దించిన్రమ్మా" అన్నాను.

చాచా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇయ్యాల దిగిండు మీ సారు."