నేను గీకేసిన పన్ను

మా వీధి మూలనుండే అంగట్లో సీలింగు పని జరుగుతా ఉండాది. పొద్దున కిటికీ తెరిస్తే తడి ప్లాస్టరు వాసన మొహానికి కొట్టింది. సున్నం మాదిరి ఉండి సున్నం కాని వాసన, చల్లగా. పక్కింటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పోయింది. నేను టీ లోటా చేతిలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయినాను. నాకది బొమ్మనహళ్ళిలో మెడికల్ షాపు పైన ఉండిన పళ్ళ క్లినిక్కు వాసన. వసుంధర డాక్టరమ్మ వాసన. ఆమె పోయి ఏడాది కావస్తా ఉండాది. నాకు సంతకం పెట్టేది, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేది తప్ప చదువు రాదు. నేను చెప్తాంటే నా కూతురు రాస్తా ఉండాది. "మెల్లగా చెప్పమ్మా" అంటుంది. మెల్లగా చెప్పేది నాకు చేతకాదు.

మా ఆయన బొమ్మసంద్రలో ఫ్యాక్టరీకి పోయేవాడు. జ్వరమని పండుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఊడ్చేదానికి మనిషి కావాలంటే ఆ క్లినిక్కుకు పోయినాను. డాక్టరమ్మ వాళ్ళది పాత బెంగుళూరు కుటుంబం, వాళ్ళ నాయనది బట్టల అంగడి. ఆమె మాట్లాడితే మా మదనపల్లి మనిషే అనిపించేది. వంకర పళ్ళకు క్లిప్పులు కట్టి వరసకు తెచ్చే డాక్టరు. నెల తిరక్కముందే నా చేతిలో చీపురు తీసేసి రబ్బరు గిన్నె పెట్టింది. "సంగటి కెలికే చెయ్యి కదా నీది. ఉండ కట్టకుండా పిండి కలిపేది నీకు నేర్పించాల్నా?" అనింది. నోట్లో తీసిన ముద్రలో నీళ్ళతో కలిపిన ఆ తెల్ల ప్లాస్టరు పిండి పోసి, ఆరినాక తీస్తే పళ్ళ అచ్చు వస్తాది. పోసేటప్పుడు గాలి చేరితే అచ్చు మీద ఆవగింజంత బుడగ బొడిపె నిలుస్తాది. దాన్ని సన్న కత్తితో గీకేయాల. తర్వాత సబ్బు నీళ్ళలో నానబెట్టి మెత్తటి గుడ్డతో రుద్దితే పింగాణీ మాదిరి మెరుస్తాది. పేర్లు చదవలేను గానీ అచ్చు చూస్తే ఏ బిడ్డదో చెప్పేదాన్ని.

అట్లా రెండేళ్ళు గడిచినాక ఆమె బోర్డు పరీక్షకు కూర్చుంటా అనింది. ఆ పరీక్ష లేకున్నా డాక్టరు క్లిప్పులు కట్టొచ్చు, జనం అడగరు. పెద్ద పెద్ద డాక్టర్ల ముందు తాను నయం చేసిన వాళ్ళవి, కట్టకముందు అచ్చు, విప్పినాక అచ్చు, ఫొటోలు, ఎక్స్‌రేలు అన్నీ పెట్టి, ప్రతి పనికీ కారణం చెప్పాలంట. "మీకేం తక్కువమ్మా? జనం మెట్ల మీద కూర్చుని కాచుకుంటా ఉండారు కదా" అన్నాను. "జనానికి పళ్ళు తెల్లగా, వరసగా ఉంటే చాలు నాగమ్మా. నేను చేసింది సరైనదో కాదో చెప్పాలంటే పని తెలిసినవాళ్ళే చెప్పాల" అనింది.

పరీక్షకు ముందు మధ్యాహ్నాలు నన్ను పేషెంట్ల కుర్చీలో కూర్చోబెట్టేది. నేను పరీక్ష పెట్టే పెద్ద డాక్టరు. ఆమె నా ముందు నిలబడి చెప్పాల, నేను ప్రతిదానికీ "ఎందుకు?" అనాల. అంతే నా పని. "ఈ పన్ను పీకినాను." "ఎందుకు?" "చోటు లేదు." "ఎందుకు లేదు?" "దవడ చిన్నది." "దవడ ఎందుకు చిన్నది?" "వాళ్ళమ్మను అడుగుపో!" అని ఇద్దరం నవ్వేవాళ్ళం. మా ఆయన పోయినాక నేను అంత గట్టిగా నవ్వింది ఆ కుర్చీలోనే.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఒక ఆడపిల్ల అచ్చు తీసింది. కట్టకముందుది. "ముందు పన్ను వెనక, ఇదిగో ఇక్కడ, అదనంగా ఒక పన్ను మొన మొలిచి ఉండాది. ఈ కేసుకంతా మూలం ఇదే" అని వేలు పెట్టింది. వేలి కింద ఏమీ లేదు. నున్నగా ఉండాది. ఆమె కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది. "నేనే సరిగా పోయలేదేమో" అని తనలో తాను అనుకునింది. పోయిన వారం మెరుగు పెట్టేటప్పుడు ఆ చోట చిన్న బొడిపె కనబడింది. బుడగ అనుకున్నాను. డాక్టరమ్మ పరీక్షకు పోయే అచ్చు, మచ్చ లేకుండా ఉండాలని గీకేసి, బాగా రుద్దినాను. ఆ పొడి ఆ రోజే చెత్తలో పోయింది. నేను నోరు మూసుకునుంటే తన చేతినే అనుమానించుకునేది. ఆ కుర్చీలోంచి దిగి చెప్పినాను. "నేనే గీకేసినానమ్మా. బుడగ అనుకున్నా."

ఆమె నోరు తెరిచేలోపలే నేనే ఆపకుండా వాగినాను. "చుక్క పిండి పెడితే రెండు నిమిషాల పనమ్మా. ఎక్స్‌రే చూసి అట్లే పెట్టేస్తా. దేవుడు వచ్చినా కనుక్కోలేడు."

"పెట్టొచ్చు. నాకూ చేతనౌతుంది" అనింది. "అయితే అది నీ చెయ్యి చేసిన పన్ను. ఆ పిల్ల నోట్లో మొలిచింది కాదు."

ఆమెకు కోపం రాలేదని చెప్తే అబద్ధం. ఫైలు బల్ల మీద కొట్టింది. "పో, ఈరోజుకు ఇంటికి పో" అనింది. ఆ పిల్ల పళ్ళు అప్పటికే సరి అయిపోయినాయి. పాత వంకరకు మళ్ళీ ముద్ర ఎక్కడ తీస్తారు? పరీక్షకు ఆ అచ్చును అట్లే తీసుకుపోయి, మా క్లినిక్కులో దెబ్బతినిందని చెప్పింది. వాళ్ళు ఎక్స్‌రే చూసి ఆమె మాట నమ్మినారంట. అయినా అచ్చు చెడింది చెడిందే, ఆ కేసు తీసుకోము, ఇంకోటి ముగించుకుని రండి అన్నారంట. ఇంకొక నోరు సరయ్యేదానికి రెండేళ్ళు. నా కత్తి మొన ఆమెకు రెండేళ్ళు పోగొట్టింది.

ఆ సంగతి తెలిసినాక నేను మొహం చెల్లక పనికి పోలేదు. మూడో రోజు ఎండలో ఆమే మా గల్లీకి వచ్చింది. పళ్ళ డాక్టరని తెలిసి మా ఇంటి ఓనరమ్మ ఊరికే ఉంటుందా? "ఈ కడపటి పన్ను చూడండి మేడమ్" అని గడపలోనే నోరు తెరిచింది. డాక్టరమ్మ వెలుతురుకు తిప్పి చూసి, "పీకాల, రేపు రా" అని చెప్పి నా పక్కకు తిరిగింది. "నీకేమి, రాణిగారి మాదిరి ఇంట్లో కూర్చున్నావు. అక్కడ పిండి ఎవరు కలుపుతారు?"

"ఇంకా నా చేతికి ఎట్లా ఇస్తారమ్మా?"

"నా పక్కనుండే వాళ్ళు తప్పు చెయ్యరని నేనెప్పుడూ అనుకోలేదు. చేసింది వచ్చి చెప్పేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు? రా. ఇకమీద బుడగ కనబడితే నన్ను పిలువు, అంతే."

రెండేళ్ళకు మళ్ళీ ఆ పరీక్షకు పోయి గెలిచింది. ఆ సర్టిఫికెట్టు కూడా జీవితాంతం చెల్లదంట. కొన్నేళ్ళకు మళ్ళీ పోయి చూపించుకోవాల. అప్పటికి ఆమె తల నెరిసింది. క్లినిక్కులో చేరిన చిన్న డాక్టరు నవ్వినాడు. "ఇంకా ఎవరికి చూపించాలని మేడమ్?" అంటే, "అప్పుడు నా చెయ్యి బాగుండాదని ఒప్పుకున్నారప్పా. ఇప్పుడెట్లా ఉండాదో తెలుసుకోవద్దా?" అనింది. బీరువాలో మెరిసే అచ్చులు ఎన్నో ఉంటే, క్లిప్పు విప్పినాక మళ్ళీ కొంచెం పక్కకు జరిగిన పళ్ళ కేసు ఒకటి చేతికి తీసింది. "అది వద్దమ్మా, మంచివి పెట్టుకోండి" అన్నాను. "మంచివి కూడా పెడతా. ఇది మాత్రం దాచను" అనింది. ఆసారి ఆమె గెలిచి వచ్చిన రోజు నేను గిన్నె పక్కన పెట్టి ఎదురు పరిగెత్తినాను, కలిపిన పిండి గిన్నెలోనే గట్టిపడిపోయింది.

ఇప్పుడు నేను గార్మెంట్సుకు పోయే ఆడవాళ్ళ బిడ్డలను ఇంట్లో చూసుకుంటాను. పోయిన నెల మధ్యాహ్నం నాకు కునుకు పట్టింది. ఒక చంటిబిడ్డ మంచం మీద నుంచి దొర్లి పడింది. దెబ్బ బయటికి కనబడలేదు. కాసేపటికి పాలు తాగి ఆడుకునింది. చూసినవాళ్ళు లేరు. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి చెప్పులు విడవకముందే చెప్పేసినాను. "నేను నిద్రపోయినాను తల్లీ. నీ బిడ్డ పడింది. డాక్టరుకు చూపిద్దాం రా." ఆ తల్లి వీధంతా వినబడేటట్లు నన్ను తిట్టింది. తిట్టనీ. ఆమె బిడ్డ. ఇద్దరం ఆటోలో ఆస్పత్రికి పోయినాం, ఏమీ కాలేదన్నారు. దారంతా ఆమె బిడ్డను నా చేతికి ఇవ్వలేదు.

మరుసటి రోజు ఎనిమిది గంటలకు తలుపు చప్పుడైంది. బిడ్డను నా చేతుల్లో పెట్టి, "ఈరోజన్నా కళ్ళు తెరుచుకుని చూడు అవ్వా" అని బస్సుకు పరిగెత్తింది.