ఐదుగురు కావాలన్న పెద్దమ్మ

పెద్దమ్మ పోయింది. మా అమ్మాయి ఫోన్ చేసేసరికి నేను ఆఫీసుకు వెళ్తూ హైవే మీద ఉన్నాను. "అమ్మా, ముందు కార్ ఆపు," అంది. ఎగ్జిట్ తీసుకుని ఒక గ్యాస్ స్టేషన్ పక్కన ఆపాక చెప్పింది. కాలేజీకి వెళ్తూ రోజూలాగే పలకరిద్దామని ఆగితే, ఉతికిన బట్టల మధ్య పడి ఉందట. మడతలు పెడుతూ పెడుతూ అలాగే ఒరిగిపోయి ఉంటుంది. నిలబడే పోయిందన్నమాట. ఆవిడ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

రక్తసంబంధం ఏమీ లేదు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్లలో ఉద్యోగాలకు పరుగెత్తే తల్లులందరి పిల్లల్నీ పెంచిన మనిషి. మేం పెద్దమ్మ అనేవాళ్ళం, పిల్లలు అమ్మమ్మ అనేవాళ్ళు. పుట్టింది రంగూన్‌లో. ఆవిడ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వెళ్ళినవాళ్ళు. అక్కడ గొడవలైనప్పుడు భర్తతో శరణార్థిగా ఈ దేశం వచ్చింది. ఆయన పోయాక ఒక్కతే మిగిలింది. శ్రీకాకుళం ఎన్నడూ చూడలేదు, నోరు విప్పితే మాత్రం శ్రీకాకుళమే. మొదటి రోజు నా బిడ్డను నా చేతుల్లోంచి లాక్కుని, "ఏటలా సూస్తావు? పాలడబ్బా అక్కడెట్టీసి ఎల్లమ్మా, నీ బస్సు ఎలిపోతాది," అంది. నేను కార్లో వెళ్తానని చెప్పినా వినలేదు. నాది కరీంనగర్. ఒకరి తెలుగు ఒకరికి అర్థం కావడానికి కొంతకాలం పట్టింది, ఆ తర్వాత నవ్వులే నవ్వులు.

ఆవిడ చెల్లెలు బర్మాలోనే ఉండిపోయింది. తనకు సిటిజన్‌షిప్ రాగానే పెద్దమ్మ చెల్లెల్ని ఇక్కడికి రప్పించుకోవడానికి పిటిషన్ వేసింది. ఆ వీసాల వరుస ఎంత పొడుగో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. వరుసలో ఊరికే నిలబడే మనిషా ఆవిడ! పొద్దున్నే ఈ ఆఫీసుకో ఆ ఆఫీసుకో ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టేది. వాళ్ళు హోల్డ్‌లో పెట్టి వాయించే సంగీతం సాగుతుంటే, భుజాన ఒక పిల్లను వేసుకుని హాలంతా తిరిగేది. మా కాంప్లెక్స్ పిల్లలు సగంమంది ఆ సంగీతానికే నిద్రపోయారు. నా కూతురికి ఇప్పటికీ బ్యాంకువాళ్ళు హోల్డ్‌లో పెడితే ఆవులింతలొస్తాయి, ఒట్టు! "కూకున్నోడి పని కూకునే ఉంటాది" అనేది పెద్దమ్మ. అన్నం కూడా పళ్ళెం చేత్తో పట్టుకుని, కిటికీకీ స్టవ్‌కీ మధ్య తిరుగుతూ తినేది. చూస్తుంటే మన కాళ్ళు పీకేవి.

కొన్నేళ్ళ కింద అక్కడ సైన్యం మళ్ళీ గద్దెనెక్కింది. చెల్లెలి కొడుకు ఊరేగింపుల్లో తిరిగాడని ఇంటికి మనుషులొచ్చారు. కొడుకునీ కోడలినీ వెంటేసుకుని ఆ చెల్లెలు ఎలాగో మలేషియా చేరింది. కౌలాలంపూర్‌లో ఒక్క గది. చేతిలో శరణార్థి కార్డున్నా, పోలీసులు ఎప్పుడు పట్టుకుని వెనక్కి పంపుతారోనన్న భయం. అప్పుడే పెద్దమ్మకు కొత్త దారి ఒకటి తెలిసింది. ఇక్కడున్నవాళ్ళు ఐదుగురు కలిసి, మేం చూసుకుంటామని సంతకం పెడితే ఒక శరణార్థి కుటుంబాన్ని రప్పించుకోవచ్చు.

ఆ ఆదివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. హాలు నిండా జనం. ప్రసాదం ఇవ్వబోతే చెయ్యి చాచకుండా మధ్యలో నిలబడి అడిగింది. "బాబూ, నాతో కలిపి ఐదుగురు కావాల. ఇంకా నలుగురు సాలు."

సంతకం పెట్టేవాళ్ళకు సిటిజన్‌షిప్పో గ్రీన్ కార్డో ఉండాలి. అక్కడున్న మాలో ఒక్కరికీ లేదు. ఇళ్ళు కొన్నాం, రెండేసి కార్లు కొన్నాం, గ్రీన్ కార్డు మాత్రం ఇంకా వస్తూనే ఉంది. "మేమంతా హెచ్‌వన్ వీసా మీదే ఉన్నం పెద్దమ్మా, మాకే దిక్కు లేదు," అన్నాను.

ఆవిడ అందరి మొహాలూ చూసింది. "ఓలమ్మో! ఇంతేసి ఇల్లులు కట్టీసి, మీరూ నా సెల్లిలాగ లైన్లోనే ఉన్నారేటి?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు మెట్ల మీద కూర్చున్న మా అమ్మాయి లేచింది. "అమ్మమ్మా, నేను సైన్ చేస్తా. నేను సిటిజన్ కదా," అని తన అమెరికా తెలుగులో అని, పక్కనున్న స్నేహితులను చూపించింది. "వీళ్ళు కూడా. మేము అందరం ఇక్కడే పుట్టాము."

మా ఆయన నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "గవర్నమెంట్ పేపర్లల్ల దాని పేరెందుకే? రేపు మన కేస్‌కి ఏమన్న అయితే?"

నాకు ఒళ్ళు మండింది. "దాన్ని జోకొట్టేటప్పుడు ఆమె నీ పేపర్లు అడిగిందా?" అన్నాను. మర్నాడు ఆఫీసులో ప్రింటవుట్లు తీసుకొచ్చింది ఆయనే.

ఆవిడ ఎత్తుకు పెంచిన నలుగురు సంతకాలు పెట్టారు. ఐదోది పెద్దమ్మ. ఆ తర్వాత ఆదివారాలు పొద్దున్నే పిల్లలు కౌలాలంపూర్‌కు వీడియో కాల్ చేసి చెల్లెలికి ఇంగ్లీషు నేర్పేవాళ్ళు. ఇంటర్వ్యూకి పిలుస్తారన్నారు. ఇంతలో ప్రభుత్వం మారి, శరణార్థులను తీసుకోవడమే ఆపేశారు. ఐదుగురి దారి కూడా మూసేశారు. పిల్లలు ఏడ్చారు. "ఆపినోలు ఎల్లకాలం ఉంటారేటి? తలుపు తెరిసినప్పుడు మనం గుమ్మంకాడ ఉండాల," అంది పెద్దమ్మ. మళ్ళీ ఫోన్లు మొదలు. ఈసారి సంగీతం లేదు, ఈ నంబరు పని చేయడం లేదని ఒక గొంతు చెప్పేది. దాన్ని కూడా స్పీకర్‌లో పెట్టుకుని తిరిగేది. "జర కూసో పెద్దమ్మా, నీకు దండం పెడ్త!" అని ఒకరోజు అరిచాను. "అదొచ్చేక కూకుంటాన్లే," అంది.

అంత్యక్రియలు ఆ నలుగురు పిల్లలే చేశారు. చెల్లెలి పిటిషన్ సంగతి కనుక్కుందామని ఒక లాయరుకు ఫోన్ చేస్తే ఆవిడ ఇంకో మాట చెప్పింది. పిటిషన్ వేసిన మనిషి పోతే ఆ పిటిషన్ కూడా పోయినట్టేనట. ఇన్నేళ్ళ వరుస ఒక్క పొద్దుటితో సరి. ఎవరి మీద అరవాలో తెలియక ఇల్లంతా తిరిగాను. నా బిడ్డను నిశ్చింతగా వదిలి వెళ్ళి ఉద్యోగం చేసుకున్నానంటే ఆ తల్లి చలవే. ఆమె అడిగిన ఒక్కటీ మేం ఇవ్వలేకపోయాం.

మొన్న ఆదివారం పెద్దమ్మ ఫోన్ మోగింది. ఆ ఫోన్ ఇప్పుడు మా అమ్మాయి దగ్గరుంది. అవతల చెల్లెలు, అచ్చం పెద్దమ్మ మొహమే, ఇంకాస్త చిక్కింది. చాలాసేపు ఏడ్చి, "అప్ప ఎలిపోనాది. ఇంక నన్ను రమ్మనేవోలెవులున్నారమ్మా?" అంది.

లాయరు మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మా అమ్మాయి ఫోన్ దగ్గరికి తీసుకుంది. "నేను ఉన్నాను కదా. నేను రమ్మంటున్నా. రా అమ్మమ్మా."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "అయితే సూడు," అని ఫోన్ తిప్పింది. గది తలుపు పక్కన మూతి బిగించి కట్టిన గుడ్డసంచి, దాని మీద ఒక జత చెప్పులు. "ఎప్పుడూ కట్టే ఉంటాది," అంది. పోలీసులొస్తే పారిపోవడానికో, మేం పిలిస్తే రావడానికో నేను అడగలేదు. ఫోన్ చాలాసేపు ఆ సంచినే చూపిస్తూ ఉండిపోయింది.