చప్పట్లతో పాడవలెను

చర్చి అయ్యాక కింద హాల్లో పోసే కాఫీ అంటే నాకు రోత. దానికంటే రోత, ఆ కప్పు పట్టుకుని నవ్వుతూ వచ్చే ప్రశ్న: "మీరు ఎప్పుడు కన్వర్ట్ అయ్యారు?" నేనెప్పుడూ కాలేదు మహాతల్లీ, మా తాత నాటి నుంచే మేము మెన్నోనైట్ శాఖ క్రైస్తవులం. జర్మన్ మాట్లాడే మిషనరీలు పాలమూరు దాకా వచ్చి, ఆయుధం పట్టొద్దని, బుద్ధి తెలిశాకే బాప్తిస్మం తీసుకోవాలని మావాళ్లకు నేర్పి వెళ్లారు. ఈ అడిగే మనిషి అమ్మమ్మ నేర్చుకున్నదీ అదే. ఈ సంగతి ఎన్ని ఆదివారాలు చెప్పినా, పై ఆదివారం ఇంకొకరు కప్పు పట్టుకుని వస్తారు.

ఇటు అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో మన తెలుగువాళ్లకు చెబితే ఇంకో వెటకారం. "అంటే ఆ గుర్రబ్బండ్లలో తిరిగే బ్యాచా? మరి నువ్వు కార్ ఎలా డ్రైవ్ చేస్తున్నావే?" అని పళ్లికిలిస్తారు. కార్లు ముట్టని ఆ శాఖ వేరే, మేము వేరే అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. తెలుగు ఫెలోషిప్‌కి వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లాను. రెండు స్పీకర్లు, ఒక కీబోర్డ్, అందులో ముందే నింపి పెట్టుకున్న దరువు. దేవుడి పేరు వినపడదు, దరువే వినపడుతుంది. మూడు వారాలకు తలనొప్పి మాత్రలు అయిపోయాయి, మానేశాను.

అందుకే అరగంట దూరంలో ఉన్న ఈ తెల్లవాళ్ల మెన్నోనైట్ చర్చికి వచ్చాను. నిజం ఒప్పుకోవాలి, వాళ్ల పాట మాత్రం గొప్పది. వాయిద్యం ఉండదు. ఒకావిడ లేచి, చిన్న పైపు ఊది శ్రుతి ఇస్తుంది. అంతే, నూరు మంది నాలుగు స్వరాలుగా విడిపోయి, ఎవరి దారిన వాళ్లు నడుస్తూ ఒకేచోటికి చేరుకుంటారు. మొదటి రోజు నాకు ఒళ్లు జలదరించింది. పక్కన అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చేసింది, ఇప్పటికి ఆరేళ్లు.

ఆ పైపు ఊదే ఆవిడ బడిలో సంగీతం చెప్పి రిటైరైన టీచరమ్మ. మంచి మనిషే. ఒకసారి వాళ్లింట్లో పాత పాటల పుస్తకాలు చూపించింది. అన్నిటికంటే పాతదాంట్లో మాటలే ఉన్నాయి, స్వరాలు లేవు. ప్రతి పాట నెత్తిన 'ఫలానా బాణీలో' అని ఒక ముక్క, అంతే. మా కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పేర్లు మాత్రం వేసి ఊరుకున్నట్టు. బాణీ నోటి నుంచి నోటికి రావాల్సిందే. అమెరికాకు రాకముందు వాళ్ల పూర్వీకులు రష్యాలో ఉన్న రోజుల్లో, ముసలివాళ్లు ఆ బాణీలను సాగదీసి, వంకలు తిప్పి, ఎవరికి తోచినట్టు వాళ్లు పాడేవారట. బడిపంతుళ్లకు అది నచ్చలేదు. మన స-రి-గ-మల్లాగే ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు పెట్టి, ఒక్కో పాటకు ఒక్కటే నికరమైన బాణీ అని బాణీల పుస్తకం తయారుచేశారు. పిల్లలకు అంకెలతో నేర్పారు. ముసలివాళ్లు కొందరు ఎదురు తిరిగారు, కొందరు నోరు మూసుకున్నారు.

"అలా మా పాటలు శుభ్రపడ్డాయి" అంది టీచరమ్మ, అట్ట మీద దుమ్ము తుడుస్తూ. నేను తలూపాను. ఆ 'శుభ్రం' అన్న మాట దగ్గరే నేను జాగ్రత్త పడాల్సింది. పడలేదు.

ఆ మరుసటి ఏడు చర్చి వాళ్లు చిన్న పాటల పుస్తకం ఒకటి వేస్తున్నారు. ఇండియా నుంచి ఒక పాట కావాలన్నారు. అమ్మకు చెప్పగానే ముఖం వెలిగిపోయింది. మా అమ్మమ్మ బైబిల్ ఉమన్, అంటే ఊరూరా నడిచి, ఆడవాళ్లకు వాక్యం చదివి, పాట పాడి వచ్చే మనిషి. తన మూడేళ్ల కొడుకును పూడ్చిపెట్టిన వారం ఆవిడ ఒక పాట కట్టింది. నాట్లు వేసేవాళ్ల బాణీలో, 'ఎక్కడున్నవయ్యా నా కాపరీ' అని. అది ఏ పుస్తకంలోనూ లేదు. మా వాళ్లలో ఎవరైనా పోతే గుంత దగ్గర ఆడవాళ్లు అది పాడేవారు. ఇప్పుడు ఆ పాట వచ్చిన మనిషి అమ్మ ఒక్కతే.

"నేను పోయినంక నన్ను ఊరికి మోసుకపోకుండ్రి. ఈడనే పెట్టుండ్రి" అంది అమ్మ. "గని ఈ పాట పాడాలె. నీకా, పాట రాదు. వీండ్లకు నేర్పితే వీండ్లన్న పాడుతరు. బుక్కుల ఎక్కితే ఇంగ పోదు గద."

అదీ అమ్మ కోరిక. డెబ్బై రెండేళ్ల మనిషి నన్ను అడిగింది అదొక్కటే.

టీచరమ్మ రికార్డు చేసుకోవడానికి లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇది సమాధి దగ్గర పాడే పాట అని ముందే చెప్పాను. అమ్మ సర్వపిండి చేసి పెట్టింది. తిన్నాక కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుని పాడింది. 'ఎక్కడున్నవయ్యా' దగ్గర గొంతు పైకి లేచి, అక్కడ నిలవలేక వణుకుతూ కిందికి దిగింది. మూడుసార్లు పాడింది, మూడుసార్లూ మూడు రకాలుగా దిగింది.

"వీటిలో సరైనది ఏది?" అని అడిగింది టీచరమ్మ.

అదే నేను తెలుగులో అడిగితే అమ్మ తెల్లబోయింది. "అదేం మాట? మూడూ అదే పాట గద."

టీచరమ్మ నా వైపు చూసింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఒకే ఇన్‌పుట్‌కి మూడు అవుట్‌పుట్‌లు వస్తే బగ్ అని రాసే ఉద్యోగం నాది. "రెండోది తీసుకోండి" అన్నాను, నాకేదో తెలిసినట్టు. అమ్మను మళ్లీ అడగలేదు కూడా.

నెల తర్వాత ఈమెయిల్ వచ్చింది, చూసి అప్రూవ్ చేయమని. ఆఫీసులో రెండు మీటింగుల మధ్య తెరిచాను. గీతల మీద నల్ల చుక్కలు, నాకు ఒక్కటీ చదవడం రాదు. ఆడియో కూడా పెట్టింది. వినలేదు. కిందికి స్క్రోల్ చేసి, 'చాలా బాగుంది, థాంక్యూ' అని కొట్టి మీటింగుకి పరిగెత్తాను. ఆ వేలును తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పుస్తకం వచ్చిన ఆదివారం అమ్మ పెట్టెలోంచి గద్వాల చీర తీసి కట్టుకుంది. ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను పుస్తకం తెరిచాను. పాట నెత్తిన 'భారతీయ సంప్రదాయ బాణీ' అని ఉంది. అమ్మమ్మ పేరు ఎక్కడా లేదు. దాని పక్కనే, వాలు అక్షరాల్లో: ఉల్లాసంగా, చప్పట్లతో పాడవలెను.

లేచి ఆపే లోపలే పైపు ఊదేశారు.

నూరు మంది, ఎంత ముద్దుగా పాడారో! నాలుగు స్వరాలూ ఎక్కడా తప్పలేదు. వణుకు లేదు, దిగడం లేదు, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది పాట. 'ఎక్కడున్నవయ్యా' అన్నచోట రెండు చప్పట్లు. పిల్లల చేతికి గలగలలాడే వాయిద్యాలు ఇచ్చారు, వాయిద్యమే ముట్టని చర్చిలో! ఇండియా పాట కదా మరి, గలగల ఉండాలి. బిడ్డను పూడ్చిన తల్లి ఏడుపుకి భుజాలు ఊపుతూ నవ్వుతున్నారు. ఛీ! పాట అయ్యాక పాస్టర్ అమ్మను లేచి నిలబడమన్నాడు. "మన మిషన్ పొలం నుంచి వచ్చిన పంట" అన్నాడు. మళ్లీ చప్పట్లు. అమ్మ రెండు చేతులూ జోడించి నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

కింద హాల్లో టీచరమ్మను నిలదీశాను. ఇది సమాధి దగ్గర పాడే పాట అని చెప్పాను కదా, చప్పట్లేమిటి, మా అమ్మమ్మ పేరేది అని నోటికొచ్చినట్టు అడిగాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"పాట విషాదంగా ఉంటే ఎవరూ పాడరేమోనని కమిటీ వేగం పెంచింది. చప్పట్ల సంగతి ఈమెయిల్‌లో రాశాను. మీ అమ్మమ్మ పేరు కూడా అడిగాను. మీరు బాగుందన్నారు" అని ఫోన్ తీసి చూపించింది.

నిజమే. రెండు ప్రశ్నలూ ఉన్నాయి. వాటి కింద నా థాంక్యూ ఉంది. చెప్పు తీసి కొట్టుకోవాలనిపించింది. ఈలోగా ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరో వీడియో పెట్టారు, హెర్న్‌డన్ వాట్సాప్ గ్రూపులో మనవాళ్లు పండగ చేసుకుంటున్నారు. 'తెల్లవాళ్ల నోట తెలుగు! సూపర్ ఆంటీ!' అట.

కార్లో అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని బెల్టు పెట్టుకుంది. నేనే ఆగలేక, "పుస్తకంలోంచి తీయించేస్తానమ్మా" అన్నాను.

"ఎందుకు? మంచిగనే పాడిండ్రు పాపం. అది మా అమ్మ పాట గాదు, అంతే" అంది. మళ్లీ తనే, "నేను పోయినప్పుడు మాత్రం గిది పాడనియ్యకు. ఆ చప్పట్లు నాకొద్దు. వాండ్ల పాటే ఏదన్న పాడుమను. అదైతే వాండ్లకు ఖరాబు గాదు."

"మరి అమ్మమ్మ పాట?"

"నీకొస్తదా?"

నలభై ఆరేళ్లుగా ఆ గొంతు వింటున్నదాన్ని. మొదటి మాట పెదవుల దాకా వచ్చింది. ఆ తర్వాత ఎటు దిగాలో తెలియలేదు.

"రాదమ్మా."

"అయితే ఊకో" అంది అమ్మ.