కొత్తిమీరకు మడి కట్టించిన పరదేశి మామ

కడుపుతో ఉన్న పిల్ల కనిపిస్తే చాలు, ఆమె ఇంటికి కొత్తిమీర చేరనిదే పరదేశి మామకు ముద్ద దిగదు. రాయపూర్‌లో రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వెనక మా తెలుగువాళ్ల ఇళ్ల వరసలో ఎవరికి నెల తప్పినా భర్తకన్నా ముందు మామకే తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో ఆ సింహాచలం అప్పన్నకే ఎరుక. ఒకసారి పానీపూరీ పడక వాంతి చేసుకున్న గంగాభవానికి కూడా కట్ట పంపాడు. ఆవిడకు అప్పటికే మనవలు.

"ఓలమ్మా, ఆకు తిన్నావేటి?" ఇదే ఆయన పలకరింపు. అన్నం తిన్నావా అని ఆయన అడగ్గా ఎవరూ వినలేదు.

పెరడంతా కొత్తిమీర, మునగ, ఉసిరి. మంచు కురిసే ఉదయాల్లో ఆ వాసన గోడ దాటి మా దేవుడి గూటి దాకా వచ్చేది. దీపం వెలిగిస్తుంటే, ఈపూట స్వామి కూడా కాస్త ఆకుపచ్చగా ఉన్నాడేమో అనిపించేది.

మా మగవాళ్లలో చాలామంది ఊరి బయట పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే ఒక షెడ్డులో పనిచేస్తారు. మామ కూడా అక్కడ చేసి మానేసినవాడే. సీసం కడుపులో బిడ్డకు చేటనీ, ఆకే దానికి విరుగుడనీ ఆయన చాటింపు.

అయితే ఆ ఆకు ఊరికే ఇవ్వడు. భర్త డ్యూటీ దిగి తిన్నగా మామ పెరట్లోకి రావాలి. పంపు కింద తలకు, ఒంటికి సబ్బు రుద్దుకోవాలి. విప్పిన బట్టలు మామ తొట్టిలో వేసి, మామ ఇచ్చిన ఉతికిన పంచె కట్టుకోవాలి. అప్పుడే ఆకు ముట్టుకోవాలి.

"తులసికి లేని మడి కొత్తిమీరకేంటి మామా?" అని అడిగాడు షెడ్డులో పనిచేసే శివాజీ, ఒంటికి సబ్బు రుద్దుకుంటూ.

"తులసమ్మ శాంతమూర్తిరా బాబూ. ఈవిడికి కోపం ఎక్కువ. మోచేతులు రుద్దు!"

మునిమాపు వేళ తడి జుట్టు, తెల్ల పంచెలతో, గుండెకు కట్టలు హత్తుకుని మగవాళ్లు ఇళ్లకు వస్తుంటే, దూరాన గూడ్సుబండి నిద్రలో పలవరించినట్టు కూస్తుంటే, వీళ్లంతా ఏ తీర్థం నుంచో మబ్బుల మీద దిగివస్తున్నట్టుండేది.

లొంగనివాడు ఒక్కడే, మా పక్కింటి మాలతి భర్త ఈశ్వర్. "కొత్తిమీర కోసం ఒకడి పెరట్లో బట్టలిప్పాలా? బజార్లో దొరకదేటి?" అని, షెడ్డు నుంచి వస్తూ సంచీడు కొనుక్కొచ్చేవాడు. మాలతి దాన్ని పచ్చడి చేసింది, పప్పులో వేసింది, చివరికి ఉప్మాలోనూ కుమ్మరించింది.

"పిన్నీ, బిడ్డ పచ్చగా పుట్టదు కదా?" అని నవ్వేది.

ఐదో నెలలో నవ్వు ఆగిపోయింది. ఆస్పత్రికి నేనూ తోడు వెళ్లాను. డాక్టర్ చాందిని రక్తపరీక్ష చూసి, సీసం బాగా ఎక్కువగా ఉందనీ, ఇలాగే ఉంటే బిడ్డ ఎదుగుదలకు మంచిది కాదనీ చెప్పింది.

"అంత ఆకు తింది కదా మేడమ్!" అన్నాడు ఈశ్వర్.

"ఆకు మంచిదే, బలం. కానీ మీరు రోజూ ఒంటిమీదా బట్టలమీదా దుమ్ము ఇంటికి మోసుకొస్తుంటే ఆకు ఒక్కటే ఏం చేస్తుంది? మీ షెడ్డువాళ్ల భార్యలు ఇంకొందరు కూడా నా దగ్గరకి వస్తారు. వాళ్లకి ఇంత లేదు. ఆ మగవాళ్లు స్నానం చేసి ఇంటికెళ్తారా?"

ఈశ్వర్ నా ముఖం చూశాడు. "చేస్తారు మేడమ్, మామ పెరట్లో పంపు కింద," అన్నాను నేను.

ఆ సాయంత్రమే అతను మామ పెరట్లో నిలబడ్డాడు.

"అయితే మడి ఆకుకి కాదన్నమాట!"

"ఆకుకి మడేట్రా, పిచ్చోడా!" మామ నవ్వాడు. "షెడ్డుకి డాక్టర్లొచ్చి దుమ్ము కడుక్కోండని చెప్పారు. అందరూ వాళ్లిచ్చిన బిస్కెట్లు తిని మర్చిపోయారు. నాను చెప్తే, నాకేటవుద్ది ముసలోడా అన్నారు. దేవుడి పేరు చెప్పాను, చెవుల ఎనక కూడా రుద్దుకుంటున్నారు."

"మరి నాకైనా చెప్పొచ్చు కదా?"

"పెళ్లానికి ఆకు మోసేవోడివి, రేపో మాపో నీళ్లకీ వస్తావనుకున్నాను. ఆలీసం చేశాను." మామ గొంతు తగ్గింది. వెంటనే సబ్బు చేతికిచ్చాడు. "రుద్దు."

ఈశ్వర్ రోజూ మామ పంపు కింద రుద్దుకుంటుంటే, నేను అప్పన్నకు మొక్కుకుంటూ రెండు నెలలు గడిపాను. మళ్లీ పరీక్ష చేస్తే సీసం చాలావరకు దిగింది. నెలలు నిండాక మాలతి ఆడపిల్లను కంది. బిడ్డ ఏడుపు మా వరసంతా వినపడింది. రంగు చామనఛాయే.

పురుడు తీరిన మర్నాడు ఈశ్వర్ మళ్లీ పంపు దగ్గరకొచ్చాడు.

"ఇంకేట్రా? బిడ్డ పుట్టేసింది కదా!" అన్నాడు మామ.

"ఎత్తుకోవాలి మామా."

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అప్పటికింకా పంపు తిప్పనే లేదు.