ఒంటికి అంటే ఒళ్లు కాదు

వరి నాట్లు వేస్తున్న రోజు మొదటిసారి చూశాను. గట్టు చాటుకు ఒంటికి పోతే మూత్రం ఎర్రగా పడింది. నొప్పి లేదు, మంట లేదు. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి మళ్లీ మడిలోకి దిగాను. కొన్నాళ్లు ఆగి మళ్లీ పడింది. అప్పుడు భయమేసి మా ఆయనకు చెప్పాను.

నాది ప్రాణహిత నదికి అవతల, తెలంగాణలో చెన్నూరు దిక్కు. మహారాష్ట్రలో సిరొంచ పక్క ఊరికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా మరాఠీ ఒంటబట్టలేదు. మా ఆయన నన్ను బస్సుల మీద బస్సులు మార్చి, అహేరి దాటినాక ఒక పట్నంలో ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. ఆడవాళ్ల ముచ్చట కదా అని ఆయన బయటే నిలబడ్డాడు. ఆయనకు మరాఠీ బాగా వచ్చు. ఆ ఒక్క గడప దాటి లోపలికి రానందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

లోపల డాక్టరుకు తెలుగు రాదు. కంపౌండరుకు అరకొర వచ్చు. "ఒంటికి పోతే ఎర్రగ పోతుంది సారూ" అన్నాను. కంపౌండరు డాక్టరు వైపు తిరిగి "అంగావరూన్ లాల్ జాతే" అన్నాడు. డాక్టరు తల కూడా ఎత్తలేదు. సోనోగ్రఫీ చేసి, గర్భసంచి వాచింది, తీసేయాలి అన్నాడు. మూత్రం పరీక్ష అడగలేదు. తీసేశాడు.

ఆపరేషన్ అయ్యాక మూత్రం గొట్టంలో ఎర్రగా దిగుతుంటే నర్సు "కోసినంక గట్లనే ఉంటది" అందని కంపౌండరు చెప్పాడు. ఇంటికొచ్చాకా ఆగలేదు. మళ్లీ పోతే డాక్టరు నీళ్లు ఎక్కువ తాగమన్నాడు. తాగాను. నీళ్లతో పాటు నెత్తురు గడ్డలు పడటం మొదలైంది. ఇక లాభం లేదని పడవలో నది దాటి మా అన్న దగ్గరికి పోయాను. అన్న వరంగల్‌లో యూరాలజీ డాక్టరమ్మకు చూపించాడు.

ఆమె మొదట అడిగిన మాట, "ఒంటికి పోయినప్పుడు మంటుంటదా అమ్మా?"

నా మాట నాకే తిరిగి వినబడేసరికి ఏడుపు ఆగలేదు. నొప్పి లేదని చెప్పాను. "నొప్పి లేకుంట రక్తం పడితెనే ఎక్కువ భయపడాలె" అని ఒక డబ్బీ చేతికిచ్చింది. పొద్దున లేవగానే పోసేది వద్దు, దాని తర్వాతది పట్టి వెంటనే ఇమ్మంది. అది యూరిన్ సైటాలజీ. మూత్రంలో రాలిన కణాలను మైక్రోస్కోపు కింద చూస్తారట. ఎన్‌ఎంపీ ట్వెంటీటూ అని ఇంకో మూత్రపరీక్ష కూడా చేయించింది. రెండూ పాజిటివ్. కత్తి లేదు, సూది లేదు. నా రోగం పేరు ఒక డబ్బీలో దొరికింది. తర్వాత సిస్టోస్కోపీ అని కెమెరా గొట్టంతో మూత్రసంచి లోపల చూసి, టీయూఆర్‌బీటీ ఆపరేషన్ చేసి గడ్డ గీకేశారు.

"బ్లాడర్ క్యాన్సర్, హై గ్రేడ్. కండలోకి ఇంక పోలే. పోతే మూత్రసంచి మొత్తం తీయాల్సొస్తది. ఇన్ని నెలలు ఏం జేసిన్రు?" అంది డాక్టరమ్మ.

ఆ రోజు నన్ను చూడటానికి వచ్చిన మా ఆయనను అడిగాను. "అంగావరూన్ అంటే ఏంది?"

ఆయన మొహం పాలిపోయింది. "ఆడోళ్లకు గర్భసంచి నుంచి నెత్తురు పోవుడు. ఎవరన్నరు?"

ఒంటికి అంటే ఆ కంపౌండరు ఒళ్లు అనుకున్నాడు. ఒళ్లంటే మరాఠీలో అంగ్. ఆ తప్పు వాడిది. ఎక్కడి నుంచి పోతుందని ఒక్క మాట అడగని తప్పు డాక్టరుది. ఒక సంచి వాడు తీసుకున్నాడు, రెండోది మాత్రం ఎవరికీ ఇయ్యనని మంచం మీదే ఒట్టు పెట్టుకున్నాను.

క్యాన్సర్ మళ్లీ రాకుండా బీసీజీ మందు గొట్టంతో మూత్రసంచిలోకి ఎక్కించి, మూత్రం ఆపుకొని పక్కలు మార్చమనేవారు. నిప్పులు పోసినట్టుండేది, చలిజ్వరం వచ్చేది. మధ్యలో ఒకసారి సైటాలజీ మళ్లీ చెడ్డగా వచ్చింది. మళ్లీ గీకారు, మళ్లీ బీసీజీ మొదలుపెట్టారు. చాలనిపించిన ప్రతిసారీ ఆ డాక్టరు వంచిన తల గుర్తు తెచ్చుకున్నాను. దేవుణ్ణి తలచుకున్నదానికంటే వాణ్ణి తలచుకున్నదే ఎక్కువ.

ఆ పగతోనే మరాఠీ నేర్చుకున్నాను. ఒంట్లో సత్తువ రాగానే ఒక్కదాన్నే ఆ దవాఖానకు పోయి ఆడవాళ్ల బల్ల మీద కూర్చున్నాను. డాక్టరు బయటికొచ్చి "కాయ్ పాహిజే?" అన్నాడు, ఏం కావాలని.

"మాఝీ పిశ్వీ పాహిజే" అన్నాను. నా సంచి కావాలి.

గుర్తుపట్టాడు. తెల్లబోయి లోపలికి పోయాడు. నెత్తురు పోతుందని వచ్చి నా పక్కన కూర్చున్నామెను మరాఠీలోనే "నీకు ఎక్కడి నుంచి పోతుంది అక్కా?" అని అడిగాను. ఆమె సిగ్గుపడి, మూత్రంలోనే అంది. లేపి ల్యాబుకు తోలుకపోయాను. ఆమెకు కిడ్నీలో రాళ్లట, క్యాన్సర్ కాదు. ఆ కత్తికి ఆ రోజు ఆమె దొరకలేదు, నాకు కడుపు నిండింది.

ఇప్పుడు పొలం పని చేసుకుంటున్నాను. చెప్పిన గడువుకు వరంగల్ పోయి మూత్రమిచ్చి, సిస్టోస్కోపీ చేయించుకొని వస్తాను. మూత్రపరీక్ష బాగుందని సిస్టోస్కోపీ మానొద్దని డాక్టరమ్మ మాట. వచ్చాక ఆ దవాఖానకు పోయి బల్ల మీద కూర్చోవడం కూడా మానలేదు. ఆ డాక్టరును క్షమించమని చెప్పేవాళ్లున్నారు. వాళ్ల సంచులు వాళ్లకున్నాయి.

మీకు చెప్పేది ఒకటే. రక్తం కనబడితే సిగ్గు పడకుండా ఎక్కడి నుంచో వేలు పెట్టి చూపించండి, ముందు మూత్రం పరీక్ష చేయమనండి. చేయనన్నవాడి బల్ల మీద పడుకోకండి.