బేసిలో పరిపూర్ణ సంఖ్య

మిరజ్ ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే మందాకిని ఖాంబేటేది ఏళ్ల తరబడి ఒకటే వెతుకులాట. ఆరును ఒకటి, రెండు, మూడు శేషం లేకుండా భాగిస్తాయి. ఆ మూడూ కూడితే మళ్లీ ఆరే వస్తుంది. అలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. ఇంతవరకు దొరికినవన్నీ సరి సంఖ్యలే. బేసిలో ఒక్కటీ ఎవరికీ చిక్కలేదు, అసలు లేదని తేల్చినవాళ్లూ లేరు.

బడి, వంట, మంచం పట్టిన అత్తగారి సేవ పోగా మిగిలిన కాస్త తీరికలో, పాత ప్రశ్నపత్రాల వెనక ఆమె గుణకారాలు వేసుకునేది.

"ఎవరికీ చిక్కనిది నీకే ఎందుకు చిక్కుతుందే మందా?" అనేది అత్తగారు. "ఆ కాసేపు నడుం వాల్చరాదూ?"

ఒక ఎండాకాలం సెలవుల్లో అది చిక్కింది. పంతొమ్మిదివేల ఎనిమిదివందల యాభై ఎనిమిది కోట్ల యాభై అయిదు లక్షల డెబ్భై ఆరువేల నూట ఎనభై తొమ్మిది. మూడు, ఏడు, పదకొండు, పదమూడు రెండేసి సార్లు, ఆపైన 22021 ఒకసారి గుణిస్తే వచ్చే సంఖ్య. 22021ని మరే సంఖ్యా భాగించకపోతే చాలు, కూడిక అణువంత తేడా లేకుండా సరిపోతుంది. భర్త మధుకర్ విని పేడా మిఠాయి తెచ్చాడు. ఆమె మాత్రం గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. సంతోషించడానికి కూడా ఓపిక కావాలని అప్పుడే తెలిసింది.

మర్నాడు సాంగ్లీ వెళ్లి, కాలేజీలో తనకు చదువు చెప్పిన ఆఠవలే గారికి చూపించింది. ఆయన చాలాసేపు చూశారు.

"22021ని పంతొమ్మిదితో భాగించి చూశావా అమ్మా?"

"చూశాను సర్."

ఆయన కాగితం ఆమె వైపు తిప్పారు. పంతొమ్మిదితో భాగిస్తే 1159. శేషం లేదు.

మందాకినికి గుర్తొచ్చింది. పంతొమ్మిది దగ్గర ఉండగా అత్తగారు బెడ్‌పాన్ కోసం పిలిచింది. చేతులు కడుక్కుని వచ్చి, ఇరవై మూడుతో మొదలుపెట్టింది.

"ఇంకోటి కూడా చెప్పాలి," అన్నారాయన నెమ్మదిగా. "ఈ సంఖ్యనే మూడున్నర శతాబ్దాల కిందట ఫ్రాన్సు దేశస్థుడొకాయన రాశాడు. 22021తోనే చెడిందని ఆయనకు తెలుసు."

"అయితే ఈ పొరపాటు కూడా నా సొంతం కాదన్నమాట."

"టీ తాగి వెళ్లు."

ఇంటికొచ్చాక, మొదలుపెట్టినదాన్ని సగంలో వదలడం చేతకాక, పంతొమ్మిదిని కలుపుకుని కూడిక మళ్లీ వేసింది. మొత్తం అసలు సంఖ్యను దాటిపోయింది. అలా దాటిపోయే బేసి సంఖ్యలకు అంతులేదు. ఇదీ వాటిలో ఒకటి.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె కాగితం పట్టలేదు. చివరికి అత్తగారే అడిగింది.

"లెక్క మానేశావా?"

"అలిసిపోయాను ఆయీ."

"అయితే పడుకో. నా పక్కబట్టలు సాయంత్రం మారుద్దువుగాని."

మందాకిని అక్కడే, ఆ మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది.