గొర్రెల మంద కోసం వర్ధన్నపేటకు

మాకు మిగిలిన రెండెకరాల చెలక కొన్నేళ్లుగా సర్కారు సంచి ఎరువు తిని గట్టిపడిపోయింది. దున్నితే పెళ్లలు లేస్తున్నాయి. వానలకు ముందు గొర్రెల మందను కొన్ని రాత్రులు అందులో పండబెట్టి పెంటికల ఎరువు పట్టించడం ఒక్కటే దారి. వర్ధన్నపేట దగ్గర గొల్ల మల్లయ్య మంద దిగిందని తెలిసి నేనే బయలుదేరాను. మా తాతగారి కాలంలో గొల్లలే మా గడి వాకిటికి వచ్చి, మంద ఎక్కడ పెట్టమంటారని అడిగేవారు.

ఇస్త్రీ శేర్వానీ తొడుక్కుని, మట్టెవాడ నుంచి వరంగల్ బస్టాండుకు నడిచి ఎనిమిదింటి ఖమ్మం బస్సెక్కాను. డ్రైవరు వెనక సీటు నాకోసమే వదిలినట్టున్నారు. దాని స్ప్రింగు పైకి లేచిందని కూర్చున్నాక తెలిసింది. పక్కన బుచ్చయ్య, మా చెలకకు ఎగువ భూమిని మా దగ్గరే కొన్న రైతు. అతని వాననీళ్లు మా నేల తొక్కకుండా మధ్య గట్టు ఎత్తించాలని ముందురోజే కూలీలతో మాట్లాడాను.

"ఎటు పోతాండ్రు దొరా?"

"మల్లయ్య మందను మా చెలకకు రమ్మని చెప్పడానికి."

"మంచిది. నా చెలక గూడ గట్లనే బిగిసింది."

సానుభూతి అనుకున్నాను.

తొమ్మిదిన్నరకు దిగాం. బుచ్చయ్య చెప్పులు చేతపట్టుకుని పొలాలకు అడ్డంపడి పోయాడు. నేను హోటల్లో కూర్చుని, అటు పోయే బండివాడితో మల్లయ్యకు కబురు పెట్టాను. ఇడ్లీ గట్టిది, చాయ్ ఫరవాలేదు. పదకొండింటికి బండి తిరిగొచ్చింది.

"గొర్లను ఇడిసిపెట్టి ఎట్ల వస్తనంటాండు. పనున్నోళ్లనే రమ్మన్నడు."

"నేనెవరో చెప్పావా?"

"చెప్పిన. మీ తాత పేరు గూడ చెప్పిన. అందుకే రానన్నడేమో."

మంద కనుచూపు దూరంలోనే ఉంది. మా వంశంలో గొర్రెల వెంట పోయినవారు లేరు. అక్కడే పలుచని పప్పుతో భోంచేశాను.

నాలుగింటి బస్సులో బుచ్చయ్య మళ్లీ నా పక్కకే వచ్చాడు. ఒళ్లంతా గొర్రెల వాసన.

"మీరొస్తరేమోనని మధ్యాన్నం దాంక ఆగిన దొరా. రాకపోతిరి. రేపు మంద నా చెలకకొస్తాంది. ఆడికెల్లి ములుగు దిక్కు పోతదట."

నేను శేర్వానీ అంచు నా వైపు లాక్కున్నాను.

"ఫికర్ జెయ్యకుండ్రి. మీది దిగువనే గద. వానకు జర సత్తువ మీ దిక్కు గూడ కొట్టుకొస్తది."

వర్ధన్నపేట వెళ్లేవారికి ఒక మాట. బస్సులు వేళకు నడుస్తాయి, మనుషులు మర్యాదస్తులు, హోటల్లో కూర్చుంటే మాత్రం ఏమీ కనిపించదు.

వరంగల్‌లో దిగి ఇంటికి పోలేదు. కబురు పంపే ఓపిక లేక, కూలీల వాడకు నేనే నడిచివెళ్లి, గట్టు పని వద్దని చెప్పివచ్చాను.